జాన్ ఫౌల్డ్స్: ఢిల్లీ రేడియోలో పనిచేసిన ఇంగ్లీషు స్వరకర్త గురించి ఎవరికైనా తెలుసా?

పాతపాటల పిచ్చి

అందరికీ నమస్కారం. ఆకాశవాణి తొలి రోజుల గురించి చదువుతుంటే జాన్ ఫౌల్డ్స్ అనే పేరు తగిలింది. 1937లో ఢిల్లీ కేంద్రంలో పాశ్చాత్య సంగీతానికి డైరెక్టరుగా చేరాడట. అంతకుముందు లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో సుమారు 1200 మంది గాయకులు, వాద్యకారులతో తన రచన ఒకటి పాడించాడట. అలాంటివాడు 1939లో కలకత్తాలో కలరాతో పోయాడు. ఆ తర్వాత ముప్పై, నలభై ఏళ్ళపాటు ఆయన ఊసెత్తినవాళ్ళు లేరు.

నాకు రెండు విషయాలు కావాలి. ఒకటి, పొద్దున్నే రేడియో తెరవగానే వినబడే ఆ వయొలిన్ సిగ్నేచర్ ట్యూన్ ఈయనదేనా? రెండు, ఈయన సంగీతం ఇప్పుడు వినాలంటే ఏ రికార్డింగులు ఉన్నాయి? పశ్చిమ సంగీతంలో నాకు ఓనమాలు కూడా రావు. దయచేసి అర్థమయ్యేలా చెప్పండి.

రేడియో మామయ్య

మొదటి దానికి నేను చెప్తాను. కాదు. ఆ ట్యూన్ వాల్టర్ కౌఫ్‌మాన్‌దని చెప్తారు. ఆయన యూదు. అప్పటి చెకొస్లొవాకియా నుంచి 1934లో బొంబాయి వచ్చి, 1937 నుంచి అక్కడి రేడియో కేంద్రంలో పాశ్చాత్య సంగీతం చూశాడు. ట్యూన్‌లో శివరంజని ఛాయ ఉంటుంది, వయొలిన్ మెహ్లీ మెహతా వాయించారంటారు. ఒకే ఏడాది, ఒకే రకం ఉద్యోగం, ఒకరు బొంబాయిలో, ఒకరు ఢిల్లీలో. అందుకే ఈ ఇద్దరినీ చాలామంది కలిపేస్తుంటారు.

ఫౌల్డ్స్ పేరు మా డ్యూటీ రూములో ఎప్పుడూ వినలేదు. ఆయన కాలానికి మన తెలుగు కేంద్రం విజయవాడ పుట్టనే లేదు, అది 1948 నాటి మాట. మద్రాసు కేంద్రం 1938లో వచ్చింది. కాబట్టి మన పెద్దలకూ ఆయనకూ ముఖపరిచయం ఉండే అవకాశం తక్కువే.

బర్మింగ్‌హామ్ బాబాయ్

ఈ పేరు మన తెలుగువాళ్ళ మధ్య చూస్తాననుకోలేదు! నాకు పరిచయమైంది మా ఊరి ఆర్కెస్ట్రా వల్ల. ఆ సంగతి రికార్డింగుల దగ్గర చెప్తాను, ముందు మనిషి గురించి.

1880 నవంబర్ 2న మాంచెస్టర్‌లో హ్యూమ్ పేటలో పుట్టాడు. మిల్లులు, పొగగొట్టాలు, ఇరుకు ఇళ్ళు. తండ్రి హాలే ఆర్కెస్ట్రాలో బాసూన్ అనే ఊదే వాద్యం వాయించేవాడు. ఇంట్లో మతనిష్ఠ గట్టిగా ఉండేది. కుర్రాడు పదమూడు, పద్నాలుగేళ్ళకే ఇల్లు విడిచి నాటకశాలల్లో, సముద్రతీరపు బ్యాండుల్లో చెల్లో అనే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం వాయిస్తూ పొట్టపోసుకున్నాడు. కాలేజీలో సంగీతం చదువుకున్నది లేదు. 1900లో తండ్రి ఉన్న హాలేలోనే చెల్లిస్టుగా చేరాడు. అప్పుడు దాని కండక్టర్ (బృందాన్ని నడిపించేవాడు) హాన్స్ రిష్టర్, జర్మన్ సంగీతంలో మహా పేరున్నవాడు. ఆయన ఈ కుర్రాణ్ణి చేరదీశాడు. 1906లో లండన్ ప్రామ్స్ కచేరీల్లో హెన్రీ వుడ్ ఇతని రచన ఒకటి వాయించాడు.

అప్పటికే ఇతనికో పిచ్చి ఉంది. పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య ఉండే అర్ధ స్వరాన్ని మళ్ళీ సగం చేసి, ఆ పావు స్వరాలను రాయడం. 1898లో నాలుగు తీగవాద్యాలకి రాసిన ఒక స్ట్రింగ్ క్వార్టెట్‌లో ప్రయత్నించాడు. 1905 నాటి చెల్లో సొనాటాలో కూడా ఉన్నాయి. యూరప్‌లో దాన్ని సీరియస్‌గా తీసుకున్నవాళ్ళు చాలా అరుదైన రోజులవి.

1911లో ‘కెల్టిక్ సూట్’ రాశాడు. అందులో మధ్య భాగం ‘కెల్టిక్ లామెంట్’ ఊరూరా మోగింది. ఆయన నెత్తిన శనిలా కూర్చున్నది కూడా అదే.

పాతపాటల పిచ్చి

శని ఏమిటి బాబాయ్ గారూ? హిట్టయితే మంచిదే కదా.

బర్మింగ్‌హామ్ బాబాయ్

మంచిదే, కానీ తర్వాత రోజుల్లో బీబీసీవాళ్ళు ఇతని తేలిక రచనలే వేసేవారు. పెద్దవి పంపిస్తే తిరిగొచ్చేవి. 1933లో అక్కడి సంగీత విభాగం అధిపతి ఏడ్రియన్ బౌల్ట్‌కి రాసిన ఉత్తరంలో గోడు వెళ్ళబోసుకున్నాడు. తేలిక రచనలు పన్నెండో ఎన్నో, సీరియస్‌వి యాభై దాకా ఉంటే, జనానికి తెలిసింది మాత్రం ఆ పన్నెండేనని. కామెడీ వేషంతో పేరొచ్చిన నటుడికి ఇంకో వేషం దొరకనట్టు.

సరిగమల టీచరమ్మ

ఫౌల్డ్స్ గురించి మాట్లాడుకుంటూ మాడ్ మెకార్తీని వదిలేస్తే కథ సగమే అవుతుంది. మన కర్ణాటక సంగీతానికి సంబంధించిన మనిషి ఆవిడే.

ఐర్లండ్‌లోని క్లాన్‌మెల్‌లో 1882లో పుట్టింది. చిన్నప్పుడే వయొలిన్‌లో బాలమేధావి అనిపించుకుంది. లండన్‌లో, అమెరికాలో కచేరీలు చేసింది. చేతి నరాల జబ్బు రావడంతో ఆ వృత్తి ఆగిపోయింది. అప్పటికే దివ్యజ్ఞాన సమాజంలో ఉంది. అనీబిసెంట్ వెంట భారతదేశం వచ్చి ఇక్కడి సంగీతం నేర్చుకుంది. తిరిగి వెళ్ళి 1912లో లండన్‌లో సంగీత పండితుల ముందు మన సంగీతం గురించి ఉపన్యాసం ఇచ్చింది. మాటలతో సరిపెట్టకుండా పాడి చూపించేది. అప్పటి విదేశీ పండితుల్లో చాలామంది మన సంగీతాన్ని కాగితం మీదే చదివారు. ఈవిడ గొంతులోకి తెచ్చుకుంది. తేడా అదీ.

1915లో ఫౌల్డ్స్‌తో పరిచయం. అప్పటికి ఇద్దరికీ వేరే పెళ్ళిళ్ళు అయ్యాయి. రెండూ విడిపోయి వీళ్ళిద్దరూ కలిశారు. మన మేళకర్తల పద్ధతి ఆయన చేతికి అందింది ఈవిడ వల్లే.

ఇప్పుడు కాస్త పాఠం. సంగీత శాస్త్రకారుడు వేంకటమఖి 17వ శతాబ్దంలో 72 మేళాలు కట్టాడని మనకు తెలుసు. స, ప కదలవు. మధ్యమం రెండు రకాలు. రి-గలు ఆరు జతలు, ద-నిలు ఆరు జతలు. హెచ్చవేస్తే 72. ఇందులో 29వది ధీరశంకరాభరణం, అంటే వాళ్ళ మేజర్ స్కేలు. పశ్చిమంలో మేజర్, మైనర్ రెండు ఇళ్ళలోనే రెండు మూడు వందల ఏళ్ళు కాపురం చేశారు. అలాంటివాడికి ఒక్కసారిగా 72 ఇళ్ళ తాళాలు చేతికొస్తే ఎలా ఉంటుందో ఊహించండి. 1928లో పియానోకి ‘ఎస్సేస్ ఇన్ ద మోడ్స్’ రాశాడు. ఒక్కో ముక్కకీ ఒక్కో మోడ్, అంటే మన మేళంలాంటి ఏడు స్వరాల వరస. తీసుకున్న ఏడు స్వరాలు దాటి బయటి స్వరం ముట్టుకోడు.

అనుమానం పక్షి

టీచరమ్మ గారూ, చిన్న సందేహం. ఏడు స్వరాలు తీసుకుంటే రాగం అయిపోతుందా? ఆ లెక్కన హార్మోనియం షాపులో కుర్రాడు మెట్లు వరసగా నొక్కితే కూడా తోడి అవ్వాలి. ఇంకో మాట. ఆ రోజుల్లో లండన్‌లో సంస్కృతం పేర్లు పెట్టడం ఒక ఫ్యాషన్. ‘మంత్ర’ అని, ‘గంధర్వ’ అని, ‘అవతార’ అని. మన సరుకు మీద వాళ్ళ లేబుల్ అతికించుకుని పేరు తెచ్చుకోవాలనుకున్న దొరల్లో ఇతనూ ఒకడేమో అని నా అనుమానం.

సరిగమల టీచరమ్మ

సగం ఒప్పుకుంటాను. ఆయన తీసుకున్నది మేళం, రాగం కాదు. స్వరాన్ని ఊపే గమకం లేదు, రాగానికి ప్రాణమైన జీవస్వరం లేదు, రాగం నడిచే తీరైన సంచారం లేదు. తోడిలో గాంధారాన్ని ఊపకుండా నిలబెట్టేస్తే అది తోడి కాదని మా పిల్లలకి మొదటి ఏడాదే చెప్తాను.

కానీ ఆయన రాగం పాడుతున్నానని ఎక్కడా అనలేదే! ఒక మేళంలోని ఏడు స్వరాలతోనే వాళ్ళ హార్మొనీ కట్టాలంటే, ఒకేసారి మోగించడానికి వాళ్ళకి అలవాటైన స్వరాల కలయికలు చాలావరకు కుదరవు. రి, గ దగ్గరదగ్గరగా ఉండే వివాది మేళాల్లో అయితే మరీ. అందుకని కొత్త కలయికలు వెతుక్కోవాలి. మన షడ్జంలా ఒకచోటే నిలబడి, శ్రుతి మార్చకుండా ఒక పెద్ద రచన నడపాలి. వాళ్ళ సంగీతంలో ఊపంతా శ్రుతి మార్చడంలోనే ఉంటుంది. అది వదులుకున్నాడు. లేబుల్ కోసం అంత కష్టం ఎవరూ పడరు.

బర్మింగ్‌హామ్ బాబాయ్

టీచరమ్మ గారు చెప్పింది చెవితో తేల్చుకోవాలంటే ‘డైనమిక్ ట్రిప్టిక్’ వినండి. పియానో, ఆర్కెస్ట్రా కలిసి అరగంట రచన, 1927-29 మధ్య రాసింది. మూడు భాగాలు. మొదటిది మోడ్ మీద. ఏడు స్వరాల మోడ్ ఒక్కటే, మొదటినుంచి చివరిదాకా. పియానో ఒక్క క్షణం ఊపిరి పీల్చుకోదు. రెండోది నాదం మీద. పియానో నెమ్మదిగా పెద్దపెద్ద స్వరాల కలయికలు మోగిస్తుంటే, వెనక వయొలిన్లన్నీ కలిసి పావు స్వరాల్లో కిందికి జారతాయి. మొదటిసారి విన్నప్పుడు నా స్పీకర్లు చెడిపోయాయేమో అని లేచి చూశాను. మూడోది లయ మీద. 1931లో ఎడిన్‌బరోలో ఫ్రాంక్ మెరిక్ పియానో, డోనాల్డ్ టోవీ కండక్టింగ్.

అనుమానం పక్షి గారి ‘ఫ్యాషన్’ మాటకి జవాబు ‘వరల్డ్ రెక్వియమ్’ కథలో ఉంది. రెక్వియమ్ అంటే చనిపోయినవాళ్ళ శాంతి కోసం పాడే ప్రార్థన. ఇది మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన అన్ని దేశాలవాళ్ళకీ నివాళి. 1919-21 మధ్య రాశాడు. మాటలు కూర్చింది మాడ్. బైబిల్, లాటిన్ ప్రార్థన, జాన్ బన్యన్, వీటి సరసన మన కబీర్! 1923 నవంబర్ 11 రాత్రి, యుద్ధం ముగిసి అయిదేళ్ళయిన రోజున, రాయల్ ఆల్బర్ట్ హాల్లో మాజీ సైనికుల సంఘం బ్రిటిష్ లీజన్ తరఫున పాడించారు. కండక్టర్ ఫౌల్డ్సే. 1926 దాకా ఏటా ఆ రోజున జరిగింది. చనిపోయిన కొడుకుల కోసం వచ్చిన తల్లిదండ్రులతో హాలు నిండేది. విమర్శకులు మాత్రం పెదవి విరిచారు. అంత పెద్ద బృందానికి ఇంత నెమ్మది సంగీతమా అని. నాకూ కొన్నిచోట్ల సాగదీసినట్టే ఉంటుంది, దాచడం ఎందుకు.

1927 నుంచి ఆ రాత్రి కార్యక్రమం రూపమే మారిపోయింది. సైనికుల కవాతులు, అందరూ కలిసి పాడే యుద్ధకాలపు పాటలు. రెక్వియమ్ అటకెక్కింది. ఆ దెబ్బకి ఆయన మనసు విరిగింది. దేశం విడిచి పారిస్ వెళ్ళి మూకీ సినిమాలకి పియానో వాయించుకున్నాడు.

పాతపాటల పిచ్చి

అంత పెద్ద హాల్లో అంతమంది ముందు బ్యాటన్ పట్టుకున్నవాడు చీకట్లో సినిమాకి పియానో... చదువుతుంటేనే ఏదోలా ఉంది. ఆ రెక్వియమ్ రికార్డింగ్ ఉందా?

బర్మింగ్‌హామ్ బాబాయ్

ఉంది. 2007 నవంబర్ 11న, అదే హాల్లో, 81 ఏళ్ళ తర్వాత మళ్ళీ పాడారు. బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా, కండక్టర్ లియన్ బాట్‌స్టీన్. ఆ కచేరీనే షాండోస్ కంపెనీ సీడీగా వేసింది. గంటన్నర. ఎక్కడెక్కడో బాల్కనీల్లోంచి పిల్లల గొంతులు దిగుతుంటాయి. హెడ్‌ఫోన్స్‌తో వినండి.

ఇక మిగతావి. నాకు తెలిసిన వరుసలో చెప్తాను.

ఇతని సంగీతానికి మళ్ళీ ప్రాణం పోసింది ఎల్పీల కాలంలో చిన్న కంపెనీలు. 1980ల మొదట్లో పెర్ల్‌వాళ్ళు ఎండెలియన్ క్వార్టెట్‌తో ‘క్వార్టెట్టో ఇంటిమో’ వేశారు. 1932లో పూర్తిచేసిన క్వార్టెట్, దాదాపు యాభై ఏళ్ళు ఎవరూ ముట్టుకోకుండా పడి ఉంది. అది వినకపోతే ఫౌల్డ్స్‌ని విన్నట్టే కాదంటాను. అదే రికార్డులో ‘క్వార్టెట్టో జెనియాలె’ అని ఇంకొకటి ఉంది. దానిలో నెమ్మది భాగం ఒక్కటే మిగిలింది. మిగతాది పోయింది.

తర్వాత లిరీటా. 1984లో ‘డైనమిక్ ట్రిప్టిక్’. హావర్డ్ షెల్లీ పియానో, వెర్నన్ హ్యాండ్లీ కండక్టర్. అదే రోజుల్లో ఆల్టరస్ కంపెనీకి పీటర్ జేకబ్స్ పియానో రచనలు వాయించాడు. టీచరమ్మ గారు చెప్పిన మోడ్స్ ముక్కలన్నీ అందులో ఉన్నాయి. తర్వాత లిరీటాలోనే బ్యారీ వర్డ్స్‌వర్త్, లండన్ ఫిల్హార్మోనిక్‌తో ‘త్రీ మంత్రాస్’.

చివరికి మా ఊరు బర్మింగ్‌హామ్. సకారి ఒరామో ఇక్కడి సిటీ ఆర్కెస్ట్రాకి కండక్టర్‌గా ఉన్నప్పుడు ఫౌల్డ్స్‌ని నెత్తిన పెట్టుకున్నాడు. ఫిన్లండ్ మనిషి! ఇంగ్లీషువాళ్ళు మర్చిపోయినవాణ్ణి ఫిన్లండ్ నుంచి వచ్చినవాడు వాళ్ళకే వినిపించాడు. వార్నర్ కంపెనీలో రెండు సీడీలు. ఒకదాంట్లో ‘త్రీ మంత్రాస్’, ‘లైరా కెల్టికా’, ‘మిరాజ్’, ‘అపోథియోసిస్’. రెండోదాంట్లో పీటర్ డోనహో పియానోతో ‘డైనమిక్ ట్రిప్టిక్’, ‘ఏప్రిల్-ఇంగ్లండ్’, ‘సాంగ్ ఆఫ్ రామ్ దాస్’, ఇంకా ఆ పాత ‘కెల్టిక్ లామెంట్’.

తేలిక రచనలు కావాలంటే డట్టన్ కంపెనీలో ఉన్నాయి, బీబీసీ కన్సర్ట్ ఆర్కెస్ట్రా వాయించినవి.

కాకినాడ కుర్రాడు

అన్నలూ, చదువుతూ మెల్లిగా వింటున్నాను. ‘త్రీ మంత్రాస్’లో రెండోది సూపర్. ఆడవాళ్ళ గొంతులు మాటల్లేకుండా దూరంనుంచి వస్తుంటే సినిమా బ్యాక్‌గ్రౌండ్ స్కోర్‌లా ఉంది. మూడోది మాత్రం టెన్షన్ పెట్టేసింది. ఇవి నిజంగా మంత్రాలా?

సరిగమల టీచరమ్మ

కాదు నాన్నా. ఆయన ‘అవతార’ అని ఒక సంస్కృత ఒపేరా మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి రాసి వదిలేశాడు. మూడు అంకాలకి రాసిన మూడు ప్రారంభ వాద్య భాగాలు మాత్రం మిగిల్చాడు. అవే ఇవి. క్రియ, ఆనందం, సంకల్పం అని మూడింటికీ మూడు భావాలు. నిన్ను టెన్షన్ పెట్టింది సంకల్పం. అది పెట్టాలి కూడా.

హార్మణీ పెట్టె

ఇప్పటిదాకా నోరు మూసుకుని చదివాను. అందరూ ఈ దొరగారిని ఆకాశానికెత్తుతున్నారు కానీ ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆకాశవాణిలో హార్మోనియం నిషేధానికి రంగం సిద్ధం చేసినవాళ్ళలో ఈయనా ఉన్నాడు! 1938లో రేడియో పత్రిక ‘ఇండియన్ లిజనర్’లో హార్మోనియంని ఎగతాళి చేస్తూ వ్యాసం రాశాడు. 1940 మార్చి 1 నుంచి నిషేధం. 1971 దాకా రేడియో గుమ్మంలోకి మా పెట్టెని రానివ్వలేదు.

మా నాన్నగారు పద్య నాటకాలకి హార్మోనియం వాయించేవారు. పద్యం చివర ఆలాపన తీసి నటుడు గుక్క తిప్పుకునే లోపు, ఆ రాగాన్ని పట్టుకుని ఇంకో రెండు మెట్లు పైకి లాగి, ఆయన తిరిగి అందుకునే చోట ఒదిలేవారు. ‘ఒన్స్‌మోర్’ అని జనం అరిచేది నటుడికే కావచ్చు, కానీ శ్రుతి నిలబెట్టేది ఎవరు? పరదా పక్కన లెగ్ హార్మోనియం తొక్కుతూ కూర్చున్న మనిషి. అలాంటి వాద్యాన్ని మన సంగీతానికి పనికిరాదని తీర్పు చెప్పడానికి మాంచెస్టర్ నుంచి రావాలా?

రేడియో మామయ్య

మీ బాధ న్యాయమే. కానీ నింద మొత్తం ఒక్కడి నెత్తిన వెయ్యకండి. నిషేధం నిర్ణయం అప్పటి రేడియో కంట్రోలర్ లయొనెల్ ఫీల్డెన్‌ది. అమలయ్యేనాటికి ఫౌల్డ్స్ చనిపోయి ఏడాది కావస్తోంది. ఠాగూర్‌కి కూడా హార్మోనియం అంటే గిట్టేది కాదు. 1940 జనవరిలో కలకత్తా కేంద్రానికి దాన్ని తీసేయమని ఆయనే ఉత్తరం రాశాడు. కాబట్టి దొరలు ఒకవైపు, మనవాళ్ళు ఒకవైపు అని గీత గీయడానికి లేదు.

వాళ్ళ వాదన తెలిసిందే. స్వరాలు పన్నెండూ పెట్టెలో బిగించేసి ఉంటాయి, గమకం పలకదు, శ్రుతులు, అంటే స్వరాల మధ్య సన్నని తేడాలు, నలిగిపోతాయి.

అనుమానం పక్షి

అసలు తమాషా ఇక్కడే ఉంది. బిగించిన పన్నెండు స్వరాల పియానో మీద మన మేళాలు వాయించినాయన, బిగించిన పన్నెండు స్వరాల హార్మోనియం మన సంగీతాన్ని పాడుచేస్తోందని రాశాడు. పియానో చేస్తే ప్రయోగం, హార్మోనియం చేస్తే అపచారమా?

సరిగమల టీచరమ్మ

పియానోతో ఆయన తన సంగీతం రాసుకున్నాడు. మన గాయకుడి పక్కన పియానో పెట్టమని అనలేదు. మాడ్ ఇరవై రెండు శ్రుతులు పాడి చూపించేదని చెప్తారు. అలాంటి గొంతు ఇంట్లో రోజూ వింటున్నవాడికి హార్మోనియం మొరటుగా వినబడటంలో ఆశ్చర్యం లేదు. నా మట్టుకు నేను పిల్లలకి తంబురానే పెడతాను. అయినా రేడియోలో నిషేధించడం మాత్రం తప్పే. పద్య నాటకానికి, ఖవ్వాలీకి, భజనకి హార్మోనియం లేకపోతే ఎలా? ఫలానా సంగీతానికి వద్దు అనడం వేరు, అసలు వద్దు అనడం వేరు.

హార్మణీ పెట్టె

మీరన్నది బాగుంది టీచరమ్మ గారూ. అయినా కోపం పోలేదు.

పాతపాటల పిచ్చి

కోపాలు అలా ఉండనిచ్చి, ఢిల్లీలో ఆయన ఏం చేశాడో చెప్పండి. ఆఫీసులో కూర్చుని వ్యాసాలు రాయడమేనా?

బర్మింగ్‌హామ్ బాబాయ్

నాకు ఈ కథ మొత్తంలో కడుపు రగిలే భాగం అదే.

పారిస్ నుంచి లండన్ తిరిగొచ్చాక 1934లో ‘మ్యూజిక్ టుడే’ అని పుస్తకం రాశాడు. పావు స్వరాలు, మోడ్లు, ధ్యానం, దేవతల గానం, అన్నీ అందులో కలిపి ఉంటాయి. 1935లో కుటుంబంతో మన దేశం వచ్చేశాడు. పంజాబ్, కశ్మీర్ వైపు తిరిగి జానపద బాణీలు రాసుకున్నాడు. రేడియోలో చేరాక పూర్తిగా మన వాద్యాలతో ఒక ఆర్కెస్ట్రా కట్టాడు. దానికి ఇండో-యూరోపియన్ ఆర్కెస్ట్రా అని పేరు. గురువు దగ్గర చెవితో నేర్చుకున్న విద్వాంసులకి పశ్చిమ పద్ధతి నొటేషన్ నేర్పి, కాగితం చూసి కలిసి వాయించేలా తయారుచేశాడు. 1938లో వాళ్ళ కార్యక్రమాలు రేడియోలో వచ్చాయి. వాళ్ళ కోసం కొత్త రచనలు చేశాడు. తూర్పు, పడమరలను కలుపుతూ ఒక సింఫనీ కూడా రాశాడు.

వాటిలో చాలావరకు ఇప్పుడు లేవు. ఆ సింఫనీ అసలే లేదు.

రేడియో మామయ్య

ఆ రోజుల్లో కార్యక్రమాలు లైవ్. గాలిలోకి వెళ్ళిపోయాక మళ్ళీ వినే వీలు లేదు. టేపు రికార్డింగ్ మన స్టేషన్లకి వచ్చింది చాలా తర్వాత. కాగితం పోతే మొత్తం పోయినట్టే.

విద్వాంసుడికి నొటేషన్ నేర్పడం అంటే చిన్న విషయం కాదు, కళ్ళారా చూసినవాణ్ణి చెప్తున్నాను. మా వాద్యబృందంలో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన ముందు పెట్టిన కాగితాన్ని మర్యాదగా మడిచి జేబులో పెట్టుకుని, ‘ఒకసారి పాడండి బాబూ’ అనేవారు. పాడితే మనకంటే బాగా వాయించేవారు. 1938లో ఢిల్లీలో ఆ పని ఫౌల్డ్స్ ఎలా చేయించాడో!

కాకినాడ కుర్రాడు

మరి కలకత్తా ఎందుకు వెళ్ళాడు?

బర్మింగ్‌హామ్ బాబాయ్

ట్రాన్స్‌ఫర్. అక్కడి కేంద్రంలో పాశ్చాత్య సంగీతం పని చూడమని పంపారు. వెళ్ళి వారమైనా కాకముందే కలరా పట్టుకుంది. 1939 ఏప్రిల్ 24 అర్ధరాత్రి దాటే వేళకి పోయాడు. వయసు 58. కొన్ని నెలల్లో యుద్ధం మొదలైంది, ఇంగ్లండ్‌లో ఎవరికీ ఆయన్ని తలుచుకునే తీరిక లేకపోయింది.

మాడ్ ఇక్కడే ఉండిపోయింది. సన్యాసం తీసుకుని స్వామి ఓంకారానంద అయిందో...

సరిగమల టీచరమ్మ

ఓమానంద పురి.

బర్మింగ్‌హామ్ బాబాయ్

అదే, ఓమానంద పురి. థాంక్స్ అమ్మా. తర్వాత బ్రిటన్ తిరిగి వెళ్ళి 1967లో పోయింది. ఫౌల్డ్స్ కాగితాలు పెట్టెల్లో వెంట తీసుకెళ్ళింది. అప్పటికే కొన్నిటిని ఎలుకలు కొరికేశాయి, కొన్నిటిని చెదలు తినేశాయి.

1970ల్లో మాల్కమ్ మెక్‌డొనాల్డ్ అనే సంగీత రచయిత ఈ పేరు పట్టుకుని వెతకడం మొదలుపెట్టాడు. అప్పటికి ఇరవైల్లో ఉన్న కుర్రాడు. లైబ్రరీలో దొరికిన స్కోర్లు చూసి ఆగకుండా కుటుంబం ఆచూకీ పట్టాడు. ఫౌల్డ్స్ కూతురి దగ్గర ఆ పెట్టెలున్నాయి. శవపేటికంత పెట్టెలట. వాటిలోంచి ఒక్కో కాగితం ఏరి, ఏది ఏ రచనలోదో పోల్చుకుని, పుస్తకం రాసి, కండక్టర్ల వెంటపడ్డాడు. ఆయన 2014లో చనిపోయాడు. పైన నేను చెప్పిన సీడీలన్నీ ఒకరకంగా ఆయన చలవే.

అనుమానం పక్షి

సరే, నా లేబుల్ మాట వెనక్కి తీసుకోను కానీ కాస్త తగ్గిస్తాను. లేబుల్ కోసం వచ్చినవాడైతే లండన్‌లోనే ఉండి అమ్ముకునేవాడు. ఇక్కడికొచ్చి సితార్ వాళ్ళకి నొటేషన్ నేర్పుతూ కూర్చోడు.

కానీ ఒకటి గమనించండి. మనం వింటున్నది దాదాపు అంతా ఇక్కడికి రాకముందు రాసింది. మోడ్స్ ముక్కలు, మంత్రాలు, ట్రిప్టిక్, అన్నీ లండన్‌లోనో పారిస్‌లోనో కూర్చుని, మాడ్ చెవితో విన్న భారతదేశం. తన చెవితో విన్న తర్వాత ఏం రాశాడో, అది చాలావరకు పోయింది. అందుకే టీచరమ్మ గారు గమకం లేదన్నది మొదటి ఫౌల్డ్స్ గురించే. రెండో ఫౌల్డ్స్‌కి గమకం పట్టుబడిందో లేదో చెప్పడానికి మన దగ్గర సాక్ష్యం లేదు.

సరిగమల టీచరమ్మ

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. మంచి మాట.

రేడియో మామయ్య

ఢిల్లీ కేంద్రం పాత ఫైళ్ళలో గానీ, ‘ఇండియన్ లిజనర్’ పాత సంచికల్లో గానీ ఆ ఆర్కెస్ట్రా కార్యక్రమాల పట్టికలు ఉండాలి. ఏ రోజు, ఏ టైముకి, ఏ రచన అని రోజువారీ వేసేవారు. ఆ సంచికలు ఇప్పుడు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో కొన్ని దొరుకుతున్నాయి. ఓపికున్న కుర్రాళ్ళు 1938, 39 సంచికలు తిరగేస్తే కనీసం పోయిన రచనల పేర్లయినా దొరుకుతాయి.

కాకినాడ కుర్రాడు

నేను చూస్తాను మామయ్య గారూ. జనవరి 38 నుంచి మొదలుపెడతా. దొరికినవి ఇక్కడే పెడతాను.

హార్మణీ పెట్టె

మీరందరూ ఊదరగొట్టారని ఆ ట్రిప్టిక్ మొదటి భాగం విన్నాను. నాలుగైదుసార్లు విన్నాక పెట్టె ముందేసుకుని కూర్చున్నాను. ఆ స్పీడు నా వల్ల కాదు, పది వేళ్ళూ నా వల్ల కాదు. కానీ ఏడే స్వరాలు కదా, అవి దొరికాక అసలు బాణీ మెల్లిగా పలికింది. దొరగారు తిట్టిన పెట్టె మీదే! పావు స్వరాల రెండో భాగం జోలికి మాత్రం వెళ్ళలేదు, అక్కడ ఆయన గెలిచాడు.

అనుమానం పక్షి

రికార్డ్ చేసి పెట్టండి సార్. ఏ శ్రుతిలో వాయించారో కూడా రాయండి, టీచరమ్మ గారు అది ఎన్నో మేళమో తేల్చి చెప్తారు.